ఒక్క నీహారిక, రెండు రాత్రులు

ప్రొద్దుటూరు,
2026 డిసెంబరు 20.

చిరంజీవి పాపకు,

నీ ఉత్తరం, దాంతోపాటు నువ్వు పంపిన జాబితా నిదానంగా రెండుసార్లు చదివాను. ఫిబ్రవరి 5, 6 రాత్రులు గండికోట దగ్గర ఆకాశాన్ని ఫోటోలు తీస్తూ గడపాలనుకోవడం చాలా మంచి ఆలోచన. 6వ తేదీ పుష్య అమావాస్య, పైగా శనివారం. అమావాస్యా, సెలవూ, చలికాలపు తేట ఆకాశమూ ఒక్కచోట కలవడం ఏడాదిలో ఎన్నోసార్లు జరగదు. ఆ రోజు దక్షిణ అమెరికాలో వలయాకార సూర్యగ్రహణం కూడా ఉంది. మనకు అప్పటికి రాత్రి కాబట్టి అది కనబడదు. సూర్యుడికి సూటిగా అడ్డం నిలిచిన చంద్రుడు మన రాత్రి ఆకాశంలోకి తొంగి కూడా చూడడు, మనకు అది చాలు.

ఇక నీ జాబితా సంగతి. పదకొండు పేర్లు రాశావు. ఆండ్రోమెడా నుంచి రోజెట్ దాకా, పిల్లలకోడి నుంచి క్రాబ్ దాకా ఏదీ వదల్లేదు. వాటిలో పది కొట్టేయమని చెప్పడానికే ఈ ఉత్తరం. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

నేను మొదటిసారి డిజిటల్ కెమెరా పట్టుకుని నల్లమల అంచున రెండు రాత్రులు కూర్చున్నప్పుడు నా జేబులోనూ ఇలాంటి జాబితానే ఉండేది. తొమ్మిది పేర్లు. ఒక్కోదానికి పది నిమిషాలో పావుగంటో కేటాయించాను. ఒకటి అయిపోగానే బాల్‌హెడ్ వదులు చేయడం, కెమెరా తిప్పడం, చీకట్లో తడుముకుంటూ తర్వాతిదాన్ని వెతకడం. మూడోదానికి వెళ్లేటప్పుడు నా వేలు ఫోకస్ రింగుకు తగిలింది. ఆ సంగతి నాకు తెలియదు. ఇంటికొచ్చి చూసుకుంటే మొదటి రెండూ ఇసుక చల్లినట్టున్నాయి, మిగతా ఏడింటిలో చుక్కలు మినప్పప్పు గింజల్లా ఉబ్బి ఉన్నాయి. రెండు అమావాస్య రాత్రులు అలా పోయాయి. ఎన్నో ఏళ్లు గడిచినా ఆ బాధ నాలో ఇంకా ఉంది. అందుకే నీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఫోకస్ సంగతి తర్వాత చెబుతాను. మొదటి రెండూ ఇసుక చల్లినట్టు ఎందుకు వచ్చాయో ముందు అది తెలుసుకో. మన ఇంటి ముందరి నాపరాయి బండలు గుర్తున్నాయా? వాన మొదలయ్యేటప్పుడు ఒక బండమీద నాలుగు చినుకులు పడతాయి, పక్కదానిమీద ఒక్కటే పడుతుంది. అన్ని బండలమీదా కురిసేది ఒకటే వాన, అయినా ఆ మొదటి క్షణాల్లో బండలన్నీ మచ్చలమచ్చలుగా కనబడతాయి. ఇంకో పది నిమిషాలు కురిస్తే ఆ తేడా తెలియకుండా పోతుంది. నీహారిక నుంచి వచ్చే కాంతి కూడా అలా చినుకులు చినుకులుగానే సెన్సర్ మీద పడుతుంది. తక్కువసేపు తీస్తే ఒక గడిలో నాలుగు, పక్క గడిలో ఒకటి. ఆ మచ్చలనే నాయిస్ అంటున్నాం. మనకు కావలసిన సిగ్నల్ కాలంతోపాటు అంతకంత పెరుగుతుంది, నాయిస్ మాత్రం ఆ కాలానికి వర్గమూలం లెక్కన పెరుగుతుంది. 16 ఫ్రేములు కలిపితే బొమ్మ 4 రెట్లు తేటపడుతుంది, 100 కలిపితే 10 రెట్లు. గంట తీసినదానికంటే రెట్టింపు తేటదనం కావాలంటే 4 గంటలు తీయాలి. దీనికి అడ్డదారి లేదు. 4 గంటలను పదకొండుమందికి పంచిపెట్టావంటే ఒక్కొక్కరికీ 20 నిమిషాల మచ్చలే మిగులుతాయి.

ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోవడం చిన్న పని అనుకోవద్దు. మీ హైదరాబాదులోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో పెట్టిన నిజామియా అబ్జర్వేటరీ పేరు విన్నావు కదా. 1887లో పారిస్‌లో ఖగోళ శాస్త్రవేత్తలు సమావేశమై, ఆకాశమంతటినీ ఫోటో పలకల మీదికి ఎక్కించాలని, దాన్ని పట్టీలుగా కోసి ఒక్కో అబ్జర్వేటరీకి ఒక్కో పట్టీ అప్పగించాలని పథకం వేశారు. తర్వాత హైదరాబాదు ఆ పనిలో చేరింది. దాని వంతుకు ముందు వచ్చింది దక్షిణ ఆకాశంలో 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ. 8 అంగుళాల కుక్ కంపెనీ దుర్భిణితో గాజు పలకలు తీయడం, పలకమీది ఒక్కొక్క చుక్కను కంటితో కొలిచి అంకెలు రాసుకోవడం. డైరెక్టర్లు మారారు, ఏళ్లు గడిచాయి, ఆ పట్టీ ముగిసేదాకా మాత్రం దాన్ని వదల్లేదు. టి.పి. భాస్కరన్ 1918 నుంచి 1944 దాకా అక్కడ డైరెక్టరుగా ఉన్నారు. ఆ అబ్జర్వేటరీ జాబితాకెక్కించిన నక్షత్రాలు 7 లక్షలు దాటాయి. పక్క పట్టీలో ఇంకా అందమైన చుక్కలున్నాయని వాళ్లకు తెలియక కాదు.

కాబట్టి నీకు నేను చెప్పే ఒక్కటి ఓరియన్ నీహారిక, ఎం42. అందరూ తీసేదే కదా అని ముఖం చిట్లించకు. ఆ రెండు రాత్రుల్లో గండికోట మీది ఆకాశానికి అది సరిగ్గా అమరుతుంది. లెక్క చూడు. ఫిబ్రవరి మొదటి వారంలో అక్కడ సాయంత్రం 6:15కు పొద్దు గూకుతుంది. పడమటి వెలుగు పూర్తిగా చచ్చి అసలైన చీకటి పడేది 7:30కు. అప్పటికే ఓరియన్ 60 డిగ్రీలు దాటి ఉంటుంది. 8:45 ప్రాంతంలో మధ్యరేఖ దాటేటప్పుడు దాని ఎత్తు 70 డిగ్రీలు, దాదాపు నడినెత్తి. అక్కడ గాలిపొర పలచన, దుమ్ము తక్కువ, ఊళ్ల వెలుగు తక్కువ. 11:45 దాకా అది 40 డిగ్రీల పైనే ఉంటుంది. అంటే ఒక్కో రాత్రికి 4 గంటలకు పైగా మేలైన ఆకాశం నీ చేతిలో ఉంది. అదే ఆండ్రోమెడా అయితే చీకటి పడేసరికే వాయవ్యానికి వాలిపోయి ఉంటుంది. దాన్ని నవంబరులో తీద్దాం, అది ఎక్కడికీ పోదు.

ఇంకో కారణం నీ కెమెరా. నీహారికల్లోని హైడ్రోజన్ వెలిగించే ఎరుపు 656 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. మామూలు కెమెరాల్లో సెన్సర్ ముందుండే ఫిల్టర్ ఆ ఎరుపులో ఎక్కువ భాగం ఆపేస్తుంది. మనుషుల ముఖాలు సహజంగా రావడానికి చేసిన ఏర్పాటు అది. రోజెట్ లాంటివి అందుకే నీ కెమెరాకు నీరసంగా వస్తాయి. ఎం42లో ఎరుపుతోపాటు నీలం, ఆకుపచ్చ కూడా ఉన్నాయి, పైగా అది బాగా ప్రకాశవంతం. ఫిల్టర్ తీయించని కెమెరాకు కూడా దయ చూపే నీహారిక. నీ 135 మిల్లీమీటర్ల లెన్స్‌కు నిలువునా 10 డిగ్రీల ఆకాశం పడుతుంది కాబట్టి బెల్టులోని మూడు చుక్కలు, కింద కత్తిలో నీహారిక, బెల్టు చివరి చుక్క పక్కన గుర్రపుతల చీకటి మచ్చ, అన్నీ ఒకే ఫ్రేములో వస్తాయి. చూశావా, నీ జాబితాలోది మరొకటి దీంట్లోనే దొరికింది.

హాన్లే వెళ్లేదాకా ఆగాలా అని కూడా అడిగావు. లడఖ్‌లో 2022లో ప్రకటించిన ఆ డార్క్ స్కై రిజర్వ్ మన దేశంలో చీకటికి పుట్టిల్లు లాంటిది, సందేహం లేదు. కానీ అది 4,000 మీటర్లు దాటిన ఎత్తు. ఊపిరి అందక తల పట్టుకుని కూర్చునే చోట, ట్రాకర్‌ను ధ్రువానికి గురిపెట్టే పోలార్ అలైన్‌మెంట్ మొదటిసారి నేర్చుకోవడం కష్టం. పైగా మనకు దక్కే దక్షిణ ఆకాశం అక్కడ చాలావరకు నేలకు అంటుకుని ఉంటుంది. హైదరాబాదులో పెరిగిన వైను బప్పు పెద్ద అబ్జర్వేటరీకి చోటు వెతికి తమిళనాడులో కావలూరును ఎంచుకోవడానికి దక్షిణ ఆకాశం అందడం కూడా ఒక కారణం. మన అక్షాంశం మనకు వరం. ముందు దాన్ని వాడుకో, హాన్లే తర్వాత.

గండికోట అనగానే కోట లోపలే ట్రైపాడ్ పెట్టాలని నీ స్నేహితురాళ్లు సరదాపడుతున్నట్టున్నారు. వద్దు. కోటలో ఊరుంది, మనుషులున్నారు, వీధి దీపాలున్నాయి. శనివారం రాత్రి లోయ దగ్గర గుడారాల వాళ్లు మంటలు, పాటలు పెట్టుకుంటారు. వాళ్ల సెలవు వాళ్లది, తప్పు పట్టలేం. పెన్న లోయ అంచు పగలే కళ్లు తిరిగేలా ఉంటుంది. రాత్రి ఎర్ర టార్చి వెలుగులో ఆ అంచు చాయలకు పోవడం నేను ఒప్పుకోను. పగలు మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, లోయ అన్నీ తిరిగి చూడండి. రాత్రికి కోటకు కొన్ని కిలోమీటర్ల ఇవతల నాకు తెలిసిన రైతు చేను ఉంది. శనగ పైరు పక్కన ఒక బీడు, మధ్యలో పెద్ద బండ. ఆయనతో మాట్లాడి పెట్టాను.

ఆ చేనులో నిలబడితే తూర్పున జమ్మలమడుగు, దాని వెనక మన ప్రొద్దుటూరు వెలుగు కనబడుతుంది. ఆగ్నేయాన ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రం, యర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు. వాయవ్యాన తాడిపత్రి. మిగిలిన దిక్కులు, ముఖ్యంగా నైరుతి, నల్లగా ఉంటాయి. మధ్యరేఖ దాటాక ఓరియన్ వాలేది ఆ నైరుతి, పడమరల వైపే. ఈ చేను ఎంచుకోవడంలో నేను చూసింది అదే. జాన్ బోర్టిల్ 2001లో ఆకాశపు చీకటికి 1 నుంచి 9 దాకా తరగతులు కట్టాడు. నీ హైదరాబాదు మిద్దె చివరి మెట్ల మీద ఉంటే, ఈ చేను పైమెట్లకు దగ్గర. పాలపుంత నేల నుంచి నేల దాకా వంగి కనబడుతుంది. ఒక్క నిమిషం ఇక్కడ తీసింది అక్కడ చాలా నిమిషాలు తీసినా రాదు.

ఇప్పుడు అసలు కష్టమైన దగ్గరికి వస్తున్నాను. భూమి తిరుగుతుంది కాబట్టి ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది. 135 లెన్స్‌తో ట్రాకర్ లేకుండా రెండు క్షణాలు తీసినా చుక్క గీత అవుతుంది. ట్రాకర్ ఆ కదలికను రద్దు చేయాలంటే దాని ఇరుసు ఆకాశపు ఉత్తర ధ్రువానికి గురి పెట్టి ఉండాలి. పరదేశపు వీడియోల్లో ధ్రువనక్షత్రం తల ఎత్తి చూసేంత పైన ఉంటుంది. ఒక చోట ధ్రువనక్షత్రం ఎత్తు ఎంత అంటే ఆ చోటి అక్షాంశం ఎంతో అంత. గండికోటలో దగ్గరదగ్గర 15 డిగ్రీలు. చేయి చాచి పిడికిలి పట్టుకుంటే 10 డిగ్రీలు, అంటే ఒకటిన్నర పిడికిలి. అంతే ఎత్తు! ఒక వేపచెట్టు, ఒక గుట్ట, చివరికి పక్కన నిలిపిన కారు కూడా దాన్ని దాచేయగలవు. నేలకు అంత దగ్గరలో దుమ్ము, పొగమంచు తెరలా ఉంటాయి కాబట్టి అది వెలవెలబోయి కూడా కనబడుతుంది. అందుకే చేనులో చోటు ఎంచుకునేటప్పుడు అందరూ ఓరియన్ వైపు చూస్తారు, నువ్వు ముందు ఉత్తరం చూడు. పొద్దు ఉండగానే దిక్సూచి పెట్టి ఉత్తరం అడ్డం లేకుండా ఉందో లేదో చూసుకుని ట్రైపాడ్ నిలబెట్టు.

నీ ట్రాకర్ కింది వెడ్జ్ 15 డిగ్రీల దాకా దిగుతుందో లేదో ఇంటిదగ్గరే చూసుకో. కొన్ని అంత కిందికి దిగవు. అంత వంపులో బరువంతా ముందుకు, అంటే ఉత్తరానికి తూగుతుంది. ట్రైపాడ్ కాళ్లలో ఒకటి తప్పనిసరిగా ఉత్తరం వైపు ఉండాలి, లేకపోతే కెమెరా ఎక్కించగానే ముందుకు ఒరుగుతుంది. ఆ కాలికి గుర్తుగా తెల్ల రిబ్బన్ కట్టుకో. తెలుపైతే ఎర్ర వెలుగులోనూ బాగా కనబడుతుంది. 7:30కు ధ్రువనక్షత్రాన్ని పట్టుకోవడానికి సప్తర్షి మండలం పనికిరాదు, అప్పటికి అది ఈశాన్యంలో ఇంకా లేస్తూ ఉంటుంది. వాయవ్యంలో శర్మిష్ఠ ఉంటుంది, ఆ అయిదు చుక్కల మెలికను ఆధారం చేసుకో. ధ్రువనక్షత్రం అసలు ధ్రువం మీద లేదని, అర డిగ్రీ పైచిలుకు పక్కన ఉందని నీకు తెలుసు. పోలార్ స్కోప్‌లో ఆ వేళకు అది ఏ గడియారపు అంకె దగ్గర ఉండాలో ఫోన్ యాప్ చూపిస్తుంది. అక్కడ పెట్టి బిగించు. బిగించేటప్పుడు అది మళ్లీ కదులుతుంది, మళ్లీ చూడు. కెమెరా ఎక్కించాక మరోసారి చూడు. ఈ మూడోసారి చూడటమే చాలామంది మానేస్తారు.

ఇదంతా చేనులో మొదటిసారి చేయకు. జనవరి 7న అమావాస్య. దాని తర్వాతి శని, ఆదివారాలు మీ మిద్దెమీద సరంజామా అంతా ఎక్కించు. హైదరాబాదులో ధ్రువనక్షత్రం 17 డిగ్రీల పైన ఉంటుంది, తేడా చాలా తక్కువ. దీపాలన్నీ ఆర్పి, కళ్లు మూసుకుని, ఏ మర ఎటు తిప్పితే ఏమవుతుందో చేతులకు నేర్పించు. కెమెరాను దాదాపు నడినెత్తికి తిప్పినప్పుడు అది ట్రాకర్‌కు తగులుతుందేమో చూడు. అక్కడ వచ్చే ఫోటో నారింజరంగు మట్టిలా ఉంటుంది, పట్టించుకోకు. నీకు కావలసింది చేతి అలవాటు.

ఫోకస్ గురించి చెబుతానన్నాను. లెన్స్‌మీది అనంతం గుర్తును నమ్మకు. ఆటోఫోకస్ ఆపేసి, లైవ్ వ్యూలో సిరియస్‌ను పదింతలు పెద్దది చేసి, చుక్క అతి చిన్నది అయ్యేదాకా రింగును వెంట్రుకవాసి చొప్పున తిప్పు. బాహ్తినోవ్ మాస్క్ దొరికితే కొను, చౌకే. చుక్క మీది మూడు గీతల్లో మధ్యది సరిగ్గా నడుమకు వస్తే ఫోకస్ కుదిరినట్టు. కుదిరాక రింగు మీద టేపు అంటించు. టేపు వేసినా ప్రతి గంటకూ ఒకసారి చూడు. రాత్రి చల్లబడేకొద్దీ లెన్స్ లోపల గాజు, లోహం ముడుచుకుని ఫోకస్ జారుతుంది. ఆ పక్కన పెన్న నీళ్లున్నాయి, తెల్లవారుజాముకు మంచు కురుస్తుంది. లెన్స్‌కు చుట్టే చిన్న హీటర్ పట్టీ పవర్ బ్యాంకుతో నడుస్తుంది, అది తప్పక తీసుకురా. మంచు పట్టిన లెన్స్‌ను గుడ్డతో తుడవకు. వేడి తగిలించి ఆరనివ్వాలి.

ఎక్స్‌పోజర్ నీ దగ్గరున్న వాటికి ఇలా మొదలుపెట్టు: లెన్స్ ఎఫ్ 2.8, ఐఎస్‌వో 800, 60 సెకన్లు, రా ఫైలు, కెమెరా సొంతంగా చేసే నాయిస్ రిడక్షన్ ఆపి. ఒక ఫ్రేము తీసి హిస్టోగ్రామ్ చూడు. గుట్ట ఎడమ గోడను వదిలి పావు వంతు లోపలికి వచ్చి ఉంటే సరి. గోడకు ఆనుకుని ఉంటే సమయం పెంచు, మధ్యకు వచ్చేస్తే తగ్గించు. ఇక వరసగా ఫ్రేములు తీసే ఇంటర్వెలోమీటర్‌కు అప్పగించి చేతులు దూరంగా పెట్టుకో. ప్రతి అరగంటకూ ఫ్రేమును కొద్దిగా పక్కకు జరిపితే సెన్సర్‌లోని మచ్చలు ఒకేచోట పేరుకోవు. ఎం42 గుండెకాయలో ట్రపీజియం అనే నాలుగు చుక్కలున్నాయి. 60 సెకన్లలో ఆ చోటంతా తెల్లగా మాడిపోతుంది. అందుకని చివర్లో 5 సెకన్లవి ఒక ఇరవై, 15 సెకన్లవి ఒక ఇరవై తీసి పెట్టుకో, తర్వాత వాటితో నడిమి భాగం నింపుకోవచ్చు.

సెన్సర్ సొంత నాయిస్‌ను తర్వాత తీసేయడానికి వాడే డార్క్ ఫ్రేములు మనవైపు మరీ ముఖ్యం. సెన్సర్ వేడి సుమారు 6 డిగ్రీలు పెరిగితే దాని సొంత నాయిస్ రెట్టింపవుతుంది. మన చలి రాత్రులు పరదేశం వాళ్లకు వేసవి లెక్క. అందుకే ఓరియన్ వాలిపోయాక, అదే వేడిలో, లెన్స్ మూత పెట్టి అదే 60 సెకన్లవి ముప్ఫై తీయి. తెల్లవారేటప్పుడు ఫోకస్ కదపకుండా తెల్లటి బట్ట రెండు మడతలు వేసి లెన్స్ మీద కప్పి, సమంగా వెలిగే ఆకాశం వైపు తిప్పి ఫ్లాట్లు తీసుకో. నా పంచె ఒకటి ఉతికి పెడతాను. మూత పెట్టి అతి తక్కువ సమయంతో తీసే బయాస్ ఫ్రేములకు అయిదు నిమిషాలు చాలు.

రెండు రాత్రుల్లో శుక్రవారాన్ని తప్పులకు వదిలేయి. పోలార్ అలైన్‌మెంట్‌కే గంట పట్టినా, టేపు ఊడినా, బ్యాటరీ, కార్డు ఒకచోట, సంచి ఒకచోట ఉన్నా, కంగారుపడకు. వచ్చినన్ని ఫ్రేములు తీసి, శనివారం పగలు ల్యాప్‌టాప్‌లో పెద్దవి చేసి చూడు. మూలల్లో చుక్కలు సాగాయా, ఫోకస్ ఏ గంటకు జారింది, అన్నీ ఒక కాగితం మీద రాసుకో. శనివారం ఆ కాగితం ప్రకారం నడువు. అదే ఫ్రేమింగ్ ఉంచితే శుక్రవారంవి కూడా కలుపుకోవచ్చు. రెండు రాత్రులకూ కలిపి మంచి ఫ్రేములు 250 వస్తే నేను సంబరపడతాను.

ఆకాశం ముందురోజు తేటగా ఉందని బయలుదేరొద్దు. వాతావరణ శాఖ ఉపగ్రహ చిత్రాలు మూడు రోజుల నుంచీ చూస్తూ ఉండు. కంటికి కనబడని పలచటి ఎత్తు మేఘాలు చుక్కల చుట్టూ గుడిలా కడతాయి, అవి ఉంటే ఎన్ని గంటలు తీసినా వృథా. అలాంటప్పుడు కార్యక్రమం వాయిదా వేయడానికి సిగ్గుపడకండి. మార్చి 8న మళ్లీ అమావాస్య ఉంది.

చేనులో నాలుగు జాగ్రత్తలు పాటించండి. చీలమండ దాటిన బూట్లు వేసుకోండి. శనగ చేలల్లో ఎలుకలుంటాయి, ఎలుకల వెనక పాములు. కారు డిక్కీ తెరిస్తే వెలిగే బల్బుకు పగలే నల్ల టేపు వేయండి. ఆ ఒక్క బల్బు ముగ్గురి కళ్లలో అరగంట కష్టపడి అలవాటైన చీకటిని ఒక్క క్షణంలో పోగొడుతుంది. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, ఫోన్లు జేబుల్లో ఉండనివ్వండి. పోలీసులు వస్తే దాచుకోకుండా కెమెరా తెర మీద ఓరియన్‌ను చూపించండి. నాకు ఇప్పటిదాకా వాళ్లతో ఇబ్బంది రాలేదు. ఒకాయన అయితే అరగంట మాతోనే నిలబడ్డాడు.

ఇంటర్వెలోమీటర్ దాని పని అది చేసుకుంటున్నప్పుడు నువ్వు ఫోన్ తీయకుండా ఒక గంట కూర్చో. బైనాక్యులర్ నేను తెస్తాను. సిరియస్ నుంచి 4 డిగ్రీలు దక్షిణానికి దిగితే ఎం41 అనే చుక్కల గుంపు ఉంటుంది. ఇందాక చెప్పిన నిజామియా వాళ్ల పట్టీ సరిగ్గా దాని మీదుగా పోతుంది. గాజు పలకల మీద మనవాళ్లు వందేళ్ల కిందట ఒక్కొక్కటిగా కొలిచిన చుక్కల్లోకి చూస్తున్నానని అనుకుంటూ చూడు. 9:30కు దక్షిణాన రెండు పిడికిళ్ల ఎత్తులో అగస్త్య నక్షత్రం. దాన్ని చూడని ఉత్తరాది దేశాల వాళ్లు ఎంతోమంది ఉన్నారు.

తీసినవన్నీ ఇంటికెళ్లాక సిరిల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కలుపుకోవచ్చు. ఆ పని గురించి ఇప్పుడే తల బద్దలు కొట్టుకోకు. ఆ ఫ్రేములు పట్టుకుని ఒక ఆదివారం ఇక్కడికి వస్తే ఇద్దరం కూర్చుని చేద్దాం. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకో. 1880లో న్యూయార్క్‌లో హెన్రీ డ్రేపర్ మొట్టమొదటిసారి ఈ నీహారికను ఫోటో తీశాడు. 11 అంగుళాల దుర్భిణితో 51 నిమిషాలు తీస్తే మధ్యలోని వెలుగు ముద్ద మాత్రం వచ్చింది. శుక్రవారం రాత్రి నీ కెమెరా వెనక తెర మీద మొదటి 60 సెకన్ల ఫ్రేము వెలిగినప్పుడు దాన్ని చూసి ఆనందించు. ఇంటర్నెట్‌లో చూసిన ఏ బొమ్మతోనూ దాన్ని పోల్చవద్దు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనం వేళకు ముగ్గురూ మన ఇంటికి వచ్చేయండి. అత్త రాగిసంకటి, పప్పు చేస్తానంది. రాత్రికి బొరుగుల ఉండలు, వేయించిన చెనక్కాయలు, రెండు ఫ్లాస్కుల టీ కట్టిస్తుంది. మూడింటికల్లా బయలుదేరితే పొద్దు ఉండగానే చేనులో ఉంటాం. మోకాళ్ల వల్ల నేను రాత్రంతా నిలబడలేను, అర్ధరాత్రి దాటాక కారులో నడుం వాలుస్తాను.

అయితే శనివారం నాకొక పని చేసిపెట్టాలి. తెల్లవారుజామున 4:30 ప్రాంతంలో ఒమేగా సెంటారీ సరిగ్గా దక్షిణాన 27 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. సుమారు కోటి చుక్కల ముద్ద, 17 వేల కాంతి సంవత్సరాల దూరం, అయినా ఆ చేనులో కంటికే మసక చుక్కలా కనబడుతుంది. హాన్లేలో అది 10 డిగ్రీలు కూడా లేవదు. నా రెండు కళ్లకూ ఈ ఏడాదే శుక్లాలు తీశారు కదా. ఆపరేషన్ అయ్యాక సిరియస్‌ను చూస్తే అది ఎంత నీలంగా ఉందో ఇన్నేళ్లూ మరిచిపోయానని తెలిసింది. ఒమేగా సెంటారీని మాత్రం ఈ కొత్త కళ్లతో ఇంకా చూడలేదు. నువ్వు డార్క్ ఫ్రేముల మధ్యలో ఉన్నా సరే, కారు అద్దం మీద కొట్టి నన్ను లేపు.

మీ అమ్మా నాన్నలను అడిగినట్టు చెప్పు.

ఆశీస్సులతో,
మీ మామ